వీక్షణల లెక్క, అడిగినవారి హక్కు

ధర్మబోధ ఎంతమంది హృదయాలకు చేరిందో తెలుసుకోవటానికి ఒకప్పుడు మన దగ్గర ఉన్న సాధనాలు స్వల్పం. మస్జిద్‌లో ఎన్ని సఫ్‌లు నిండాయో చూసేవాళ్ళం. ఎవరు గోడకానుకుని కునుకు తీస్తున్నారో, ఎవరు గడియారం వంక చూస్తున్నారో మింబర్ మీది నుంచి కనబడుతూనే ఉండేది. నమాజు ముగిసిన తర్వాత అందరూ చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోతుంటే, ఒకరిద్దరు మాత్రం ఆగి, "మౌల్వీ సాబ్, ఒక్క మాట" అంటూ దగ్గరకు వచ్చేవారు. మా వరకు మేము ఆ ఒకరిద్దరినే అసలు లెక్కగా భావించేవాళ్ళం.

నేడు చిన్న పట్టణాల మస్జిదుల్లో సైతం మింబర్ ఎదుట ఒక స్టాండు, దానికి బిగించిన సెల్‌ఫోను కనిపిస్తున్నాయి. జుమా ప్రసంగం, ఆదివారం దర్సె ఖుర్ఆన్, తరావీహ్ అనంతరం చెప్పే సారాంశం, అన్నీ సాయంత్రానికల్లా యూట్యూబ్‌కో ఫేస్‌బుక్‌కో చేరుతున్నాయి. ఇది అల్లాహ్ అనుగ్రహమే. ఇంట్లో ఉర్దూ మాట్లాడుకుంటున్నా, చదువంతా తెలుగులోనో ఇంగ్లీషులోనో సాగిన తరం మన ఇళ్ళలో పెరిగింది. ఉర్దూ తఫ్సీర్ చేతికిస్తే అక్షరాలు కూడబలుక్కునే యువకునికి తెలుగులో పది నిమిషాల బోధ ఎంతో ఊరట. గల్ఫ్ దేశాల్లో గదుల్లో ఉంటూ పనిచేసుకుంటున్న మన పిల్లలకు, ప్రసంగం వినే చోటు దొరకని మన అక్కచెల్లెళ్ళకు కూడా ఆ ఫోను ద్వారానే నాలుగు మంచి మాటలు అందుతున్నాయి.

అయితే ఫోనుతో పాటు ఒక అంకెల పట్టిక కూడా మింబర్ దగ్గరకు వచ్చింది. ఆ పట్టికను ఎలా చదవాలి, ఎంతవరకు నమ్మాలి, దానిని ఎక్కడ ఆపాలి అన్నది ఈ నెల మనం ఆలోచించవలసిన విషయం.

ముందుగా ఆ అంకెలు ఏమిటో తెలుసుకుందాం. ఛానల్ నడిపేవారికి యూట్యూబ్ అనేక లెక్కలు చూపుతుంది. ఇంప్రెషన్లు అన్నది మన వీడియో బొమ్మ ఎన్నిసార్లు ఇతరుల తెర మీద కనిపించిందో చెప్పే లెక్క. బజారులో నడిచిపోయేవారి కంట మన దుకాణం బోర్డు పడటం వంటిది అది. వారు లోపలికి వచ్చారని దాని అర్థం కాదు. ఆ బొమ్మ కనిపించిన వందసార్లలో ఎన్నిసార్లు దానిని నొక్కారు, సగటున ఎంతసేపు చూశారు, ఏ నిమిషం దగ్గర ఎందరు వెళ్ళిపోయారు అన్నవి తర్వాతి లెక్కలు. ఇవన్నీ పక్కనబెట్టి మనవాళ్ళు చెప్పుకునేది మాత్రం ఒక్కటే, వ్యూస్. ఆ మాటకైనా అన్నిచోట్లా ఒకే అర్థం లేదు. ఫేస్‌బుక్ చాలాకాలం 3 సెకన్లు చూసినా వీడియో చూసినట్లుగానే లెక్కించింది. యూట్యూబ్ షార్ట్స్‌లోనైతే 2025 మార్చి 31 నుంచి వీడియో తెర మీద మొదలైతే చాలు, ఒక వీక్షణ జమ అవుతున్నది. వేలితో పైకి తోసేయబోయేలోపు మొదలైనదీ అందులో చేరుతుంది.

సగటులోనూ మోసపోయే అవకాశం ఉన్నది. ప్రజలు వీడియోలను సగటున చూసే సమయాన్ని రెండేళ్ళపాటు ఎక్కువచేసి చూపినట్లు 2016లో ఫేస్‌బుక్ స్వయంగా ఒప్పుకున్నది. కారణం చాలా చిన్నది. 3 సెకన్లలోపే వెళ్ళిపోయినవారిని సగటు కట్టేటప్పుడు లెక్కలోకి తీసుకోలేదు. బడికి రాని పిల్లల పేర్లు రిజిస్టరులోంచి కొట్టేసి, మా తరగతిలో హాజరు నూటికి నూరు అని చెప్పుకోవటం వంటిదే ఇది.

మనమూ ఒక చిన్న లెక్క వేసి చూద్దాం. జుమా నాడు మస్జిద్‌లో 200 మంది కూర్చుని 20 నిమిషాల ప్రసంగం విన్నారనుకుందాం. వారందరి సమయం కలిపితే 4,000 నిమిషాలు. అదే ప్రసంగం యూట్యూబ్‌లో 4,000 వీక్షణలు పొంది, సగటున ఒక్కొక్కటీ ఒక్క నిమిషం నడిచిందనుకుందాం. అదీ 4,000 నిమిషాలే. కాని మస్జిద్‌లో ఉన్నవారిని "రెండు వందల మందే" అంటాం, ఫోనులో చూసినవారిని "నాలుగు వేల మంది" అంటాం. అందులోనూ ఒకే మనిషి మూడుసార్లు తెరిస్తే మూడు వీక్షణలు. అంటే నాలుగు వేలు మనుషుల సంఖ్య కానే కాదు.

అలాగని ఈ పట్టికను మూసిపెట్టమని మేము చెప్పటం లేదు. వినేవారి ఓపికను గమనించి మాట్లాడటం మన పెద్దల సంప్రదాయమే. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్ఊద్ (రజి) ప్రతి గురువారం ధర్మబోధ చేసేవారు. ప్రతిరోజూ చెబితే బాగుండునని ఒకరు కోరినప్పుడు, శ్రోతలకు విసుగు కలిగించటం తనకు ఇష్టం లేదని, దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) కూడా తమకు విసుగు రాకూడదని సమయం చూసి బోధించేవారని ఆయన బదులిచ్చారు. సహీహ్ బుఖారీలో ఉన్న ఉల్లేఖనం ఇది. నమాజును దీర్ఘంగా, ఖుత్బాను క్లుప్తంగా చేయటం మనిషి ధర్మావగాహనకు గుర్తు అన్న భావం గల హదీసు సహీహ్ ముస్లింలో ఉన్నది. మనలో కొందరు ఈ క్రమాన్ని తిరగేసిన సంగతి పాఠకులకు తెలియనిది కాదు.

కాబట్టి శ్రోతలు ఏ నిమిషం దగ్గర లేచిపోతున్నారో చూపే గ్రాఫ్ ఒక అద్దం వంటిది. మన విద్యార్థులు చూపించగా ఇటువంటి గ్రాఫులు అనేకం పరిశీలించాము. చాలావాటిలో గీత మొదటి అర నిమిషంలోనే నిట్టనిలువుగా పడిపోతున్నది. ఆ అర నిమిషంలో ఏమున్నదని చూస్తే, హమ్ద్, సలావాత్ క్లుప్తంగానే ఉంటున్నాయి. ఆ తర్వాత కమిటీ అధ్యక్షులకు, కార్యదర్శికి, వేదిక మీది పెద్దలకు, మైకుసెట్టు సమకూర్చిన దాతకు పేరుపేరునా కృతజ్ఞతలు సాగుతున్నాయి. అల్లాహ్ స్తోత్రాన్ని తగ్గించమని ఏ గ్రాఫూ చెప్పటం లేదు. మనుషుల స్తోత్రాన్ని తగ్గించమని మాత్రం స్పష్టంగా చెబుతున్నది. అలాగే మనవాళ్ళు ఏ వేళ ఎక్కువగా ఫోను చూస్తున్నారు, శబ్దం సరిగా వినబడక వెళ్ళిపోతున్నారా, ఉర్దూ పదాలు ఎక్కువైన చోట వెళ్ళిపోతున్నారా అన్నది కూడా ఈ లెక్కల నుంచి గ్రహించవచ్చు. ఇదంతా ప్రయోజనకరమే.

చిక్కు ఎక్కడ మొదలవుతుందంటే, ఎలా చెప్పాలన్నది నేర్పిన అంకె, ఏమి చెప్పాలన్నది కూడా నిర్ణయించటం మొదలుపెట్టినప్పుడు. "హజ్రత్, పోయినవారం జిన్నాతుల మీద పెట్టిన వీడియో బాగా పోయింది. ఈ వారం కూడా అదే చెప్పండి" అని పిల్లలు అడుగుతారు. వారి ఉత్సాహంలో దోషమేమీ లేదు. కాని జిన్నాతులు, చేతబడి, దజ్జాల్, ప్రళయ సూచనలు, ఈ నాలుగింటి చుట్టూ తిరిగే ఛానళ్ళు ఎన్ని ఉన్నాయో చూడండి. ఇవి ధర్మంలో లేనివి కావు. సహీహ్ హదీసుల్లో వీటి ప్రస్తావన ఉన్నది. అయితే ఆడపిల్లకు తండ్రి ఆస్తిలో రావలసిన వాటా గురించి, తీర్చని అప్పు గురించి, తూకంలో మోసం గురించి, భార్య మహర్ గురించి చెప్పిన వీడియోను నొక్కేవారు తక్కువ. ఆ తక్కువను చూసి మనం ఆ విషయాలు మానేస్తే, పదేళ్ళ తర్వాత మన వీధిలో దజ్జాల్ ఒంటి కన్ను గురించి అందరికీ తెలుస్తుంది, చెల్లెలి వాటా ఎంతో ఎవరికీ తెలియదు. వీడియో బొమ్మ మీద మంటలు, ఎర్ర బాణాలు, "ఈ ఒక్క పని చేస్తే నరకమే" వంటి శీర్షికలు పెట్టి, లోపల ఆధారం లేని మాటను దైవప్రవక్త (స) పేరిట చెప్పేవారూ ఉన్నారు. తన పేర బుద్ధిపూర్వకంగా అబద్ధం పలికినవారు నరకంలో తమ చోటు సిద్ధం చేసుకున్నట్లేనని ఆయన (స) హెచ్చరించిన సంగతి వీడియో తయారుచేసేవారు ఒక కాగితం మీద రాసుకుని ఎదురుగా అంటించుకోవలసినది.

ఈ జబ్బు సెల్‌ఫోనుతో పుట్టినది కాదు. బజారుల్లో, మస్జిద్ వాకిళ్ళలో జనాన్ని పోగుచేసి వింత కథలు చెప్పి చిల్లర దండుకునే కథకులను మన పండితులు 'ఖుస్సాస్' అన్నారు. జనం ఏడవాలి, ఆశ్చర్యపోవాలి, మళ్ళీ రావాలి. అందుకోసం వారు హదీసులను సైతం కల్పించారు. హిజ్రీ 597 (క్రీ.శ. 1201)లో మరణించిన ఇమామ్ ఇబ్నె జౌజీ (రహ్మ) ఈ కథకుల గురించి ఒక ప్రత్యేక గ్రంథమే రాశారు. కల్పిత హదీసులను ఏరి 'అల్ మౌజూఆత్' అన్న గ్రంథంగా కూర్చారు. గమనించవలసినదేమంటే, ఆయన ఏ మూలనో కూర్చుని జనాదరణను చూసి అసూయపడినవారు కారు. బాగ్దాద్‌లో ఆయన ప్రసంగాలకు జనం విరగబడి వచ్చేవారు. అంత పెద్ద సభలను చూసినవారే, సభ పెద్దదైనంత మాత్రాన మాట నిజం కాదని రాసి పెట్టారు.

ఇమామ్ గజాలీ (రహ్మ) వృత్తాంతం ఇంకా లోతైనది. బాగ్దాద్ నిజామియా మద్రసాలో ఆయన వద్ద 300 మంది విద్యార్థులు చదివేవారు. ఆ కాలంలో అంతకన్నా పెద్ద పదవి ఒక పండితునికి లేదు. ఆయన తన సంకల్పాన్ని తానే పరీక్షించుకుని, తన బోధన వెనుక ఉన్నది పేరుప్రతిష్ఠల ఆకాంక్ష అని గుర్తించి, హిజ్రీ 488 (క్రీ.శ. 1095)లో ఆ పదవిని వదిలి వెళ్ళిపోయారు. ఈ కథను ఇక్కడితో ఆపి, "కనుక ఛానల్ మూసేయండి" అని చెప్పేవారు ఉన్నారు. కాని పదకొండేళ్ళ తర్వాత, హిజ్రీ 499లో, ఆయన నైషాపూర్‌లో మళ్ళీ బోధన చేపట్టారు. పైకి చేసిన పని అదే, పాఠం అదే. లోపలి సంకల్పం మారిందని ఆయన తన 'అల్ మున్ఖిజ్' గ్రంథంలో వివరించారు. వెళ్ళటమూ తిరిగి రావటమూ రెండూ కలిపితేనే ఆ వృత్తాంతం పూర్తి. ప్రదర్శనాబుద్ధికి భయపడి పనిని శాశ్వతంగా వదిలేయటం కూడా ఒక తప్పుదారే.

ఇక ఇంప్రెషన్ల మాట పక్కనపెట్టి శ్రోతల దగ్గరకు వద్దాం. మా దృష్టిలో అన్నింటికన్నా బరువైన విషయం ఇదే.

మక్కాలో ఒకనాడు దైవప్రవక్త (స) ఖురైష్ నాయకులతో మాట్లాడుతున్నారు. వారు విశ్వసిస్తే వారి వెనుక తెగలకు తెగలే విశ్వసిస్తాయన్న ఆశ. నేటి భాషలో చెప్పాలంటే, ఒక్కొక్కరి వెనుక వేలమంది అనుచరులు. ఆ సమయంలో అంధులైన హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమ్మె మక్తూమ్ (రజి) వచ్చి, తనకు బోధించమని కోరారు. ఆ అంతరాయం దైవప్రవక్త (స)కు ఇబ్బంది కలిగించింది. ఆయన తన దృష్టిని నాయకుల వైపే నిలిపారు. 'అబస' సూరా తొలి ఆయతులు ఈ సందర్భంగానే అవతరించాయి. పట్టించుకోని సంపన్నుల వెంట పడటం, భయభక్తులతో వెదుక్కుంటూ వచ్చినవారి నుంచి దృష్టి మరల్చటం తగదని అల్లాహ్ తెలియజేశాడు. ఇక్కడ సంకల్పంలో ఏ కల్మషమూ లేదు. పేరు కోసం చేసినది అసలే కాదు. ఎక్కువమందికి సందేశం చేరాలన్న తపన మాత్రమే. ఆ ముఖంలోని భావం అంధులైన ఆ సహాబీకి కనిపించే వీలూ లేదు. అయినా అల్లాహ్ ఆ ఒక్క ప్రశ్నించినవారి పక్షాన మాట్లాడాడు.

తర్వాత జరిగినదీ చూడండి. హిజ్రత్‌కు ముందు మదీనాకు మొట్టమొదట చేరి అక్కడివారికి ఖుర్ఆన్ నేర్పినవారు హజ్రత్ ముస్అబ్ బిన్ ఉమైర్, హజ్రత్ ఇబ్నె ఉమ్మె మక్తూమ్ (రజి అన్హుమా). ఆ నాడు ఒక్కరుగా వచ్చినవారు ఒక నగరానికి ఉపాధ్యాయులయ్యారు. ఏ పట్టికా దీనిని ముందుగా చూపగలిగేది కాదు.

మన వీడియోల కింద వచ్చే కామెంట్లలో ఎక్కువ భాగం సలాములు, "ఆమీన్", "మాషా అల్లాహ్"లు. వాటి మధ్యలో ఒక ప్రశ్న చిక్కుకుని ఉంటుంది. "నా భర్త కోపంలో ఆ మాట అనేశారు, ఇప్పుడు నేను ఏం చేయాలి?" "మా నాన్న పోయి ఆరు నెలలైంది, అన్నలు వాటా ఇవ్వమంటున్నారు, అడగటం పాపమా?" ఇంట్లో ఎవరినీ అడగలేక, మస్జిద్‌కు వెళ్ళి అడిగే వీలు లేక, ఫోనులో రాసిన మాటలవి. లెక్కల పట్టికలో ఇది ఒక్క కామెంటు. "ఆమీన్"కు ఉన్న విలువే దీనికీ. ఎవరూ జవాబివ్వకపోతే ముక్కూముఖం తెలియని పదిమంది దాని కింద పది తీర్పులు రాస్తారు. ఒకరు తలాఖ్ అయిపోయిందంటారు, ఒకరు కాలేదంటారు, మరొకరు ఆమెనే తిడతారు. ఒక కుటుంబం నిలబడాలా విడిపోవాలా అన్నది అక్కడ తేలిపోతున్నది.

దీనికి మేము చెప్పగలిగిన మార్గం ఇది. ఇటువంటి వ్యక్తిగత ప్రశ్న కనబడగానే, చూశామని తెలిపి, వివరాలు బహిరంగంగా రాయవద్దని కోరి, దగ్గరలోని ముఫ్తీ వద్దకో దారుల్ ఖజాకో వెళ్ళే దారి చూపాలి. తర్వాత ఆమె కామెంటును ఇతరులకు కనబడకుండా చేయాలి. దానివల్ల ఒక కామెంటు తగ్గితే తగ్గనివ్వండి. ఆ కామెంటును ఫొటో తీసి తర్వాతి వీడియోకు ముడిసరుకుగా వాడటం ఒకరి ఇంటి గుట్టును బజారున పెట్టటమే. ఛానల్ నిర్వహించే యువకులు స్త్రీలతో ప్రైవేటు సందేశాల్లో సలహాలు నడపటం మంచి పద్ధతి కాదు. ఎంత మంచి ఉద్దేశంతో మొదలైనా అది ఎటు పోతుందో చెప్పలేం. చదువుకున్న ఒక ఆలిమాకో, పెద్దావిడకో ఆ బాధ్యత అప్పగించాలి. తెలియని ప్రశ్నకు తెలియదని రాయటానికి సిగ్గుపడవలసిన పని లేదు. ఇమామ్ మాలిక్ (రహ్మ) అంతటివారు దూరదేశం నుంచి వచ్చినవారి ప్రశ్నల్లో అనేకానికి తెలియదనే చెప్పి పంపించారు.

జగడాల సంగతి క్లుప్తంగా చెబుతాం. కామెంట్లు, షేర్లు ఎక్కువ వచ్చినవాటిని ముందుకు తెస్తామని 2018 జనవరిలో ఫేస్‌బుక్ ప్రకటించింది. కాని యంత్రానికి చర్చ, తిట్టు రెండూ కామెంట్లే. 'ఆమీన్' బిగ్గరగా అనాలా మెల్లగా అనాలా అన్న వివాదాన్ని రేపితే వీడియో పరుగెత్తుతుంది. తన పక్షం సత్యమైనా వాదులాటను విడిచిపెట్టినవారికి దైవప్రవక్త (స) స్వర్గపు అంచున ఒక గృహానికి హామీ ఇచ్చిన విషయం సునన్ అబూదావూద్‌లో ఉన్నది. తెలుగులో మాట్లాడుతున్నామంటే మన హిందూ, క్రైస్తవ పొరుగువారూ వింటున్నారన్నది మరవరాదు. వారిలో ఒకరు నిజంగా తెలుసుకోవాలని అడిగితే ముందుగా వారికే మర్యాదతో జవాబివ్వాలి. మన కొట్లాటలను చూసి వారు ఏమనుకుంటారో వేరే చెప్పనక్కరలేదు.

ఇక డబ్బు. ప్రకటనల ఆదాయంలో వాటా రావాలంటే యూట్యూబ్ 1,000 మంది సబ్‌స్క్రైబర్లను, 12 నెలల్లో 4,000 గంటల వీక్షణను, లేదా 90 రోజుల్లో షార్ట్స్‌కు కోటి వీక్షణలను అడుగుతుంది. ఆ ప్రకటనల్లో ఏమేమి వస్తాయన్నది వేరే చర్చ. మస్జిద్ పేరిట నడిచే ఛానల్ ఈ గడపను ఆశించే ముందు కమిటీ పెద్దలు కూర్చుని నిర్ణయించుకోవాలి.

మన ఇళ్ళలోకీ ఈ లెక్క వచ్చింది. రమజాన్‌లో పాప నాత్ పాడితే, బాబు చిన్న సూరా చదివితే, తల్లి మురిపెంగా వీడియో తీసి పెడుతుంది. అందులో తప్పేముంది? కాని ఆ రాత్రంతా "ఎన్ని లైకులొచ్చాయి?" అని పిన్ని, మామయ్య, నానమ్మ అడుగుతూ ఉంటే, పరీక్షల మార్కుల్లాగా పిల్లల మనసులో అదే నాటుకుంటుంది. మరుసటి ఏడు తక్కువ వస్తే చదవనని మొరాయిస్తారు. ఇన్‌స్టాగ్రామ్‌లో లైకుల సంఖ్యను కనబడకుండా దాచుకునే వీలు 2021 నుంచి ఉన్నది. పిల్లల వీడియోలకు దానిని వాడండి. అంతకన్నా మంచిది, ఆ సూరా అర్థం ఏమిటని వారిని అడగటం. రేషన్ కిట్లు పంచేటప్పుడు తీసుకునేవారి ముఖాలు ఫొటోల్లో పెట్టకండి. బహిరంగ దానం మంచిదే, రహస్య దానం మరింత శ్రేష్ఠమని దివ్య ఖుర్ఆన్ బోధిస్తున్నది. ఆ ముఖం మీది సంకోచాన్ని వందలమందికి చూపే అనుమతి మాత్రం మనకు ఎవరూ ఇవ్వలేదు.

ప్రళయదినాన ఏ ప్రవక్త వెంట ఎందరు వస్తారో దైవప్రవక్త (స)కు చూపించినప్పుడు, కొందరు ప్రవక్తల వెంట ఒకరిద్దరే ఉన్నారు. వెంట ఒక్కరూ లేని ప్రవక్త కూడా ఉన్నారు. బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలు రెండింటిలోనూ ఉన్న విషయం ఇది. వారి బోధ లోపించిందని ఏ విశ్వాసీ అనుకోడు.

మా విద్యార్థులకు మేము ఒక పుస్తకం అప్పగించాము. మామూలు రెండు వందల పేజీల లాంగ్ నోట్‌బుక్కే. పేరు రాయకుండా ప్రశ్న, వచ్చిన తేదీ, జవాబు ఎవరిచ్చారు, ఎవరి దగ్గరకు పంపాము అన్నవి అందులో రాస్తున్నారు. నెలాఖరున వీక్షణల పట్టికకు ముందు ఆ పుస్తకం తెరుస్తాం. జవాబు గడి ఖాళీగా ఉన్న ప్రశ్నలు మొదట చదువుతాం. ఈ నెల ఖాళీగా మిగిలినవాటిలో ఎక్కువ భాగం ఆడపిల్లల వారసత్వ వాటాల గురించినవే. వచ్చే సంచికలో ఉదాహరణలతో, లెక్కలతో ఆ విషయమే రాస్తాము, ఇన్ షా అల్లాహ్.